"మరి వాళ్ళు చెయ్యలేదా?" అంటే లెక్క చెప్పినట్టేనా?

పర్లాకిమిడి పాతవీధి (చర్చ మొదలుపెట్టినవారు) | మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం నుంచి మనసులో తిరుగుతున్న విషయం ఇది. ఈ వేదికలో మన ఒడిశా తెలుగువాళ్ళు గంజాం నుంచి కోరాపుట్ దాకా ఉన్నారు, మీకూ ఇలాంటివి జరిగే ఉంటాయి కాబట్టి రాస్తున్నాను.

మేము ఏళ్ళ తరబడి చందా ఇస్తున్న ఒక తెలుగు సంఘం ఉంది, పేరు అనవసరం. ఉగాదికీ శ్రీరామనవమికీ పందిరి వేస్తారు, పిల్లలకి పద్యాల పోటీ పెడతారు, పానకం, వడపప్పు పంచుతారు. ఈసారి లెక్కలు చదివేరోజు నేనూ వెళ్ళాను. కోశాధికారి గారు పొడుగాటి పద్దు పుస్తకం తీసి చదువుతున్నారు, షామియానా ఇంత, మైకుసెట్టు ఇంత, బెల్లం ఇంత, పూలదండలు ఇంత అని. పక్కనే కూర్చున్నాను, పేజీ కనిపిస్తోంది. పద్దులన్నీ నీలం సిరాతో ఉన్నాయి, చివరి లైను ఒక్కటే నల్లసిరాతో, "ఇతర ఖర్చులు 23,400" అని. దానికింద గీత కొట్టి మొత్తం వేసేశారు. నేను అడిగిందల్లా, "బాబాయ్, ఆ ఇతర ఖర్చులేమిటో కాస్త విడదీసి చెప్తారా" అని.

ఆయన వేలు పేజీలో ఉంచే పుస్తకం మూసేసి, "పాత కమిటీ అయిదేళ్ళలో ఒక్క కాయితం ముక్క చూపించిందా? అప్పుడు లేవలేదేం నీ నోరు?" అన్నారు. అంతే, గదిలో ఉన్న పాతికమందీ పాత కమిటీ మీద పడ్డారు. మైకుసెట్టు ఎవరి బావమరిదిది, గాలివానకి పందిరి పడిపోయిన ఏడు నష్టం ఎవరు కట్టారు, పోటీలో మొదటి బహుమతి ఎవరి మనవరాలికి ఇచ్చారు, ఇలా గంటన్నర. టీ వచ్చింది, తాగారు, లేచారు. పుస్తకం సంచిలోకి వెళ్ళిపోయింది. 23,400 గురించి ఒక్కరూ మళ్ళీ ఎత్తలేదు.

పాత కమిటీ లెక్క చూపించకపోవడం తప్పే, కాదనను. కానీ అది తప్పయితే ఇది ఒప్పెలా అవుతుంది? ఇలా మాట తిప్పేసినప్పుడు మీరేం చేస్తారు?

---

గుణుపురం రైలుకట్ట | 10:05

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అన్నయ్యా. మీరు దొంగ అనలేదు, లెక్క అడిగారు, అంతేగా.

ఇది సంఘాల్లోనే కాదు, మా ఇంట్లో రోజూ ఉండేదే. మా నాన్నగారికి షుగరు. డాక్టరు స్వీట్లు పూర్తిగా మానమన్నారు. బజారుకెళ్తే ఛెనాపోడ పొట్లం కట్టించుకొస్తారు, ముక్క చేతిలోకి తీసుకోగానే నేను "వద్దు నాన్నా" అంటాను, ఆయన నావంక చూసి "నిన్న బండిమీద హెల్మెట్ పెట్టుకున్నావా?" అంటారు. పెట్టుకోలేదు, నిజమే. నా నోరు మూతపడిపోతుంది, ముక్క ఆయన నోట్లోకి వెళ్ళిపోతుంది. మొన్న పరీక్ష చేయిస్తే 310 వచ్చింది. నేను హెల్మెట్ పెట్టుకోనంత మాత్రాన ఆయన షుగరు తగ్గుతుందా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

---

బరంపురం వకీలు | 10:31

కోర్టులో ఇది రోజూ చూస్తాను. అక్రమ కట్టడం నోటీసు పట్టుకొచ్చినవాడు నా బల్లముందు కూర్చుని మొదట అనేమాట, "పక్కింటాయన కూడా మూడడుగులు ముందుకి జరిపాడండీ, ఆయనకెందుకు ఇవ్వలేదు నోటీసు?" అనే. దీనికి సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. 1995లో చండీగఢ్ అడ్మినిస్ట్రేషన్, జగ్జీత్ సింగ్ కేసు తీర్పు చదవండి. వేరేవాడికి చట్టవిరుద్ధంగా ఒక మేలు జరిగితే అదే తప్పు నాకూ చెయ్యండని సమానత్వం పేరుమీద అడగడానికి వీల్లేదన్నారు. రాజ్యాంగంలోని 14వ అధికరణం హక్కుల్లో సమానత్వం ఇస్తుంది, తప్పుల్లో కాదు. పక్కింటాయన మూడడుగులు వేరే కేసు. కావాలంటే ఫిర్యాదు నేనే రాసిపెడతాను అంటాను. ఇన్నేళ్ళలో అలా రాయించుకున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అంటే వాళ్ళకి పక్కింటాయన తప్పుమీద నిజంగా బాధ లేదు, తమ తప్పుకి నీడ కావాలి, అంతే.

---

కాశీనగరం కుర్రాడు | 11:12

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, నాది వేరేమాట. పాతవీధి అన్నయ్యా, కోపం తెచ్చుకోకండి. ఆ కోశాధికారి మాట తిప్పాడు, సరే. కానీ ఆయన అడిగిన ప్రశ్నకి మీరూ జవాబు చెప్పలేదు. అయిదేళ్ళు లెక్క లేనప్పుడు మీరెందుకు అడగలేదు?

ఇది ఎందుకంటున్నానంటే, మా వీధిలో ఎప్పుడూ ఒక్క ఇంటివాళ్ళనే అడుగుతారు. కుళాయి నీళ్ళు ఎక్కువ పట్టారని, చెత్త కాలవలో వేశారని, పెళ్ళికి డీజే పెట్టారని. మిగతావాళ్ళంతా అవే చేస్తారు. ఆ ఇంటాయన "మరి వాళ్ళు?" అంటే తప్పించుకుంటున్నాడంటారు. తప్పించుకోవట్లేదండీ, తనొక్కడినే ఎందుకు నిలబెడుతున్నారని అడుగుతున్నాడు. అది కూడా న్యాయమైన ప్రశ్నే. ఎవరిని అడుగుతున్నాం, ఎవరిని వదిలేస్తున్నాం అన్నది చూడకుండా ప్రతిదాన్నీ మాట తిప్పడం అనేస్తే పెద్దవాళ్ళకి లాభం.

---

పర్లాకిమిడి పాతవీధి | 11:48

తమ్ముడూ, కోపం లేదు. నువ్వడిగింది సరైన ప్రశ్న, మొదటి పోస్టులో ఒకమాట దాచాను, చెప్తాను. పాత కమిటీ కార్యదర్శి మా పెదనాన్నగారబ్బాయి. చిన్నప్పటి నుంచి ఒక కంచంలో తిన్నవాళ్ళం. అయిదేళ్ళూ లెక్క రాలేదని నాకు తెలుసు, అన్నయ్యని అడగడానికి నోరు రాలేదు. బాబాయ్ ఆ మాట అన్నప్పుడు గదిలో అందరికీ ఈ సంగతి తెలుసు, అందుకే నేను నోరెత్తలేకపోయాను. నిద్ర పట్టనిది 23,400 వల్ల ఒక్కటే కాదు.

అయినా నేను పిరికివాణ్ణవడం వల్ల ఆ నల్లసిరా లైను విడిపోదు కదా. రెండూ తేలాలి.

---

రాయగడ మాష్టారు | బుధవారం ఉదయం 6:20

పొద్దున్నే చదివాను. ఈ సంగతి మన పాతవాళ్ళు బాగా పట్టుకున్నారు. గౌతమ మహర్షి న్యాయసూత్రాల్లో, అంటే మన పాత తర్కశాస్త్ర గ్రంథంలో, వాదంలో ఓడిపోయే సందర్భాలు 22 చెప్పారు, వాటిని నిగ్రహస్థానాలంటారు. అందులో ఒకటి మతానుజ్ఞ. అవతలివాడు నా పక్షంలో తప్పు చూపిస్తే, దాన్ని తీసెయ్యకుండా "నీ పక్షంలోనూ ఉందిగా" అంటానన్నమాట. అలా అన్నానంటే నాలో తప్పుందని నేనే ఒప్పేసుకున్నట్టు. ఎదుటివాడి మతానికి, అంటే అభిప్రాయానికి, అనుజ్ఞ, అంటే ఒప్పుకోలు, ఇచ్చేశాను కాబట్టి ఓడాను. నువ్వు దొంగవి అంటే నువ్వూ దొంగవే అన్నవాడు, "నువ్వూ" అన్న ఆ ఒక్క దీర్ఘంలో తను దొంగనని చెప్పేశాడు.

పాతవీధి బాబూ, మీ కోశాధికారి గారు ఆ మాట అన్నప్పుడే ఒప్పుకున్నారు. గది వినలేదు, అంతే. మీరు కూడా అప్పుడే, "అయితే ఇక్కడా లెక్క లేదంటారు, అంతేనా బాబాయ్?" అని మెల్లిగా అడగవలసింది.

---

ఇచ్ఛాపురం కోడలు | 8:55

నేను ఇక్కడ చదవడమే కాని ఎప్పుడూ రాయలేదు. మాష్టారి పోస్టు చూశాక రాయాలనిపించింది.

నా పుట్టిల్లు ఒడిశా వైపు, మెట్టినిల్లు ఇచ్ఛాపురం. మా అన్నయ్య కొడుకు చదివే తెలుగు బడిలో తెలుగు చెప్పే టీచరు రిటైరయ్యారు, కొత్తవాళ్ళు రాలేదు. మా వదిన ఇంకో నలుగురు తల్లుల్ని వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్ళింది. అక్కడ కూర్చున్నాయన అర్జీ చదవకుండానే, "ఆంధ్రాలో ఒడియా బడులు ఎలా ఉన్నాయో చూశారా? ముందు అక్కడ బాగుచెయ్యమనండి" అన్నారట.

ఇక్కడ మా పక్కింటావిడ ఒడియా ఆవిడ. ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఒడియావాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళ పాపకి ఒడియా పుస్తకాలు బడి తెరిచి మూడు నెలలైనా రాలేదు. ఆవిడ వెళ్ళి అడిగితే ఇక్కడి ఆయన ఏమన్నారో తెలుసా, "బరంపురంలో మా తెలుగువాళ్ళ గతేమిటో చూడండి" అని. అక్షరం తేడాలేదు. ఇద్దరికీ ఒకరినొకరు తెలీదు, ఒకే పాఠం ఎక్కడ నేర్చుకున్నారో.

దసరా సెలవలకి మా మేనల్లుడు వచ్చాడు. మా అరుగుమీద వాడూ పక్కింటి పాపా పలకలు పెట్టుకుని కూర్చున్నారు. వాడు "తాత" రాస్తూ తకారం తలకట్టు ఎటు తిప్పాలో తెలీక మూడుసార్లు చెరిపాడు. మూడో తరగతి. ఆ పాపకి తన పేరు ఒడియాలో రాయడం రాదు, తెలుగులో రాసి చూపించింది. వాడు తన పేరు ఒడియాలో రాసి చూపించాడు. ఇద్దరూ బాగా నవ్వుకున్నారు. నాకు మాత్రం లోపలికెళ్ళి కాసేపు కూర్చోవాల్సి వచ్చింది. వీడి గతి చూపించి ఆ పిల్లకీ, ఆ పిల్ల గతి చూపించి వీడికీ ఎగ్గొట్టారు.

---

బరంపురం వకీలు | 9:30

అమ్మా, ఇది మీ వదినగారికి చెప్పండి, అర్జీలో రాయమనండి. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చెయ్యడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని ఉంది. "పక్క రాష్ట్రం చేస్తేనే" అని అందులో ఎక్కడా లేదు. దాని వెంటే 350బి, భాషాల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారిని పెట్టమంటుంది, ఆయన నివేదిక పార్లమెంటుదాకా వెళ్తుంది. మీ మేనల్లుడి హక్కు ఇచ్ఛాపురం పాప మీద ఆధారపడి లేదు, ఆ పాపది వీడిమీద లేదు.

---

కాశీనగరం కుర్రాడు | 10:02

అక్కా, మీరు రాసింది చదివాక ఏం మాట్లాడాలో తెలీలేదు. కానీ నా అనుమానం నాకుంది. అసలు పోలికే వద్దంటే మనం అన్యాయాన్ని చూపించడం ఎలా? "అక్కడ ఇచ్చారు, ఇక్కడెందుకివ్వరు" అని అడగడం కూడా పోలికే కదా.

---

జయపురం ఉద్యోగి | 1:15

తమ్ముడూ, నీ ప్రశ్నకి దగ్గరగా వచ్చే పాత కథ ఒకటుంది. సోవియట్ రోజుల్లో వాళ్ళ దేశంలో మనుషుల్ని జైళ్ళలో, శిబిరాల్లో కుక్కేస్తున్నారని అమెరికా అంటే, "మీ దగ్గర నల్లవాళ్ళని కొట్టి చంపుతున్నారుగా" అనేవారు. అక్కడ అది సామెతలా స్థిరపడిపోయింది. ఆ మాట అబద్ధం కాదు, అది గమనించాలి. 1931లో అలబామాలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళమీద అత్యాచారం కేసు పెట్టి, అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీలతో రోజుల్లో విచారణ ముగించి, ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. స్కాట్స్‌బరో కేసు అంటారు. ప్రపంచమంతా గోల చేస్తే ప్రాణాలు దక్కాయి కాని ఏళ్ళు జైల్లో పోయాయి. సోవియట్ పత్రికలు దాన్ని బాగా వాడుకున్నాయి.

తర్వాత ఏమైందంటే, బడుల్లో నల్లపిల్లల్ని వేరుగా కూర్చోబెట్టడంమీద కేసు అమెరికా సుప్రీంకోర్టుకి వచ్చినప్పుడు, 1952లో అక్కడి ప్రభుత్వమే, ఈ వివక్ష కమ్యూనిస్టుల ప్రచారానికి సరుకవుతోందని కోర్టుకి రాసిచ్చింది. 1954లో, అలా వేరుచెయ్యడం చెల్లదని బ్రౌన్ కేసు తీర్పు వచ్చింది. తీర్పు రావడానికి అదొక్కటే కారణం కాదు, నల్లవాళ్ళు దశాబ్దాలుగా కొట్లాడారు. అయినా వేలు చూపించడం అక్కడ కొంత పనికొచ్చింది. కానీ వేలు చూపించినవాడి దేశంలో శిబిరాల్లో ఉన్నవాడికి ఏం ఒరిగింది? ఏమీ లేదు. నా లెక్కలో తేడా అక్కడే ఉంది. "అక్కడ ఇచ్చారు, ఇక్కడా ఇవ్వండి" అనేవాడు అడుగుతున్నవాడు. "అక్కడా ఇవ్వలేదు, నువ్వు వెళ్ళిపో" అనేవాడు జవాబు చెప్పాల్సినవాడు. పోలిక ఒకటే, పట్టుకున్న చెయ్యి వేరు.

ఇంగ్లీషులో దీన్ని వాటెబౌటిజం అంటున్నారు. ఉత్తర ఐర్లండు గొడవల రోజుల్లో, 1974లో, ఒక చరిత్ర టీచరు ఐరిష్ టైమ్స్‌కి ఉత్తరం రాస్తూ, ఐఆర్ఏ (బ్రిటిష్ పాలనమీద ఆయుధం పట్టిన ఐరిష్ దళం) చేసిన హత్యల్ని ఖండిస్తే చాలు అవతలివాళ్ళ పాపాల చిట్టా విప్పేవాళ్ళని "వాటెబౌట్స్" అన్నాడు. అదీ సరిహద్దు గొడవే, అక్కడా రెండు వర్గాల మధ్య నలిగినవాళ్ళే.

మా జిల్లాలో కొటియా తెలుసుగా, ఒడిశా, ఆంధ్రా రెండూ మాదంటే మాదనే చోటు. 21 ఊళ్ళు, 1968లో ఆ గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. ఇప్పటికీ ఇటువాళ్ళు రోడ్డేస్తే అటువాళ్ళు "మీరిన్నాళ్ళు ఏం చేశారు" అంటారు, అటువాళ్ళు పింఛనిస్తే ఇటువాళ్ళూ అదే అంటారు. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నవాళ్ళున్నారు. ఆ పోటీలో వాళ్ళకి కొన్ని పథకాలు రెండువైపుల నుంచీ అందాయి, అదీ నిజమే.

---

సరిహద్దు బిడ్డ | 2:40

ఇవన్నీ ఎందుకు? అసలు 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు మన తాతల్ని ఎవరైనా అడిగారా? ముందు దాని గురించి మాట్లాడండి, తర్వాత చందా లెక్కలు, బడి లెక్కలు.

---

నిర్వాహకులు | 3:10

1936 గురించి మన వేదికలో విడిగా పెద్ద చర్చ ఉంది, మీ మాట అక్కడ రాయండి, తప్పకుండా చదువుతాం. ఇక్కడ మాట ఒక పద్దులోని 23,400, ఇద్దరు పిల్లల చదువు. వాటిమీదే ఉందాం. పోస్టు తీసెయ్యడం లేదు, అలాగే ఉంటుంది.

---

రాయగడ మాష్టారు | 5:30

ముప్ఫయ్యేళ్ళు బడిలో పనిచేశాను. ఇద్దరు పిల్లలు కొట్టుకుని వస్తే ఇద్దరూ ఒకేసారి "వాడే ముందు" అంటారు. నేను రెండు కాయితాలు ఇచ్చేవాణ్ణి. ఒకదానిమీద నువ్వేం చేశావో రాయి, రెండోదానిమీద వాడేం చేశాడో రాయి అని. మొదటి కాయితం నిండేదాకా రెండోది ముట్టుకునేవాణ్ణి కాదు, కాని రెండోది చింపనని చూపించడానికి నా జేబులో పెట్టుకునేవాణ్ణి. అది ముఖ్యం. రెండోది పారేస్తారని భయం ఉన్నంతకాలం పిల్లవాడు మొదటిది రాయడు.

పాతవీధి బాబూ, మీ అన్నయ్యగారి కాయితం మీరే తీసుకెళ్ళి బల్లమీద పెట్టగలరా?

---

గుణుపురం రైలుకట్ట | 9:15

మాష్టారూ, ఇవాళ హెల్మెట్ పెట్టుకునే ఆఫీసుకెళ్ళాను. ఇంటికొచ్చి అది తియ్యకుండానే నాన్నగారి ముందు నిలబడి, "ఇదిగో పెట్టుకున్నాను, ఇప్పుడు పొట్లం ఇలా ఇవ్వండి" అన్నాను. ఆయన కాసేపు చూశారు. ఏమీ అనలేదు, ఇచ్చారు. రేపేమవుతుందో తెలీదు కాని ఇవాళ్టికి ఇచ్చారు.

---

పర్లాకిమిడి పాతవీధి | ఆదివారం రాత్రి 10:50

జరిగింది చెప్తాను. గురువారం అన్నయ్య ఇంటికెళ్ళాను. విషయం చెప్పగానే మొహం మాడ్చుకుని "నువ్వు కూడానా?" అన్నాడు, లోపలికెళ్ళిపోయాడు. వదిన కాఫీ ఇచ్చింది, తాగి వచ్చేశాను. వస్తాడని అనుకోలేదు.

ఇవాళ అందరూ కూర్చున్నాక వచ్చాడు, చేతిలో బట్టలకొట్టు ప్లాస్టిక్ కవరు. ఎవరూ ఏమీ అడక్కముందే బల్లమీద బోర్లించాడు. రసీదులు, చిట్టీలు, కొన్నింటికి పసుపు మరకలు. "మూడేళ్ళవి ఉన్నాయి. రెండేళ్ళవి ఇంటికి సున్నాలు వేయించినప్పుడు పోయాయి, జాగ్రత్త చెయ్యకపోవడం నా తప్పు. ఎవరైనా చూసుకోవచ్చు" అని కూర్చున్నాడు. గొంతు వణికింది, నాకు తెలుసు.

ఆ తర్వాత గదిలో పాత కమిటీ అనడానికి ఏమీ మిగల్లేదు. అందరూ కోశాధికారి గారివైపు చూశారు. ఆయన చాలాసేపు సంచి పట్టీ సర్దుకుంటూ ఉండి, పుస్తకం తీశారు. జనరేటరు అద్దె, డీజిలు 12,000, దానికి బిల్లుంది. పందిరికి కరెంటు లైను ఇప్పించడానికి ఒకరి చేతిలో పెట్టింది 6,000, దానికి రసీదు రాదు కదా, అది చదవడానికి సిగ్గేసి మొత్తం ఒకే లైనులో కలిపేశానన్నారు. వినగానే నాకు ఆయనమీద కోపం సగం పోయింది, మిగతా సగం ఉంది. ఆ 6,000 ముందే చెప్పి ఉంటే అందరం వెళ్ళి ఆ లైను రసీదుతోనే తెచ్చుకునేవాళ్ళం.

---

ఇచ్ఛాపురం కోడలు | 11:05

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి అన్నయ్యా. మేము కూడా ఒకటి అనుకున్నాం. మా వదిన అర్జీ మీద పక్కింటావిడ సంతకం పెడుతోంది, ఆవిడ అర్జీ మీద మేము పెడుతున్నాం. వకీలు గారు చెప్పిన అధికరణం రెండింట్లోనూ రాశాం. ఈసారి అటువాళ్ళని చూడండి అంటే, అటువాళ్ళం కూడా ఇక్కడే నిలబడి ఉంటాం.

---

కాశీనగరం కుర్రాడు | 11:20

అన్నయ్యా, 12,000, 6,000 కలిపితే 18,000. మిగతా 5,400?

---

పర్లాకిమిడి పాతవీధి | 11:26

అడిగాను తమ్ముడూ. గుర్తు చేసుకుని వచ్చే ఆదివారం చెప్తానన్నారు, పుస్తకంలో అలాగే రాయించాం, ఈసారి నీలం సిరాతోనే. అన్నయ్యవి పోయిన రెండేళ్ళకి షామియానా అద్దెకిచ్చినవాళ్ళ దగ్గర పాత పద్దు ఉంటుందట. రేపు పొద్దున్న ఇద్దరం వెళ్తున్నాం.